మనవరాలి బాన

తెలావి,
గురువారం ఉదయం

ప్రియమైన ఎతెరికి,

మొన్న శనివారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు వర్దిసుబానిలో బట్టీ నోటికి కట్టిన గోడ విప్పారు. మన మనవరాలి వైన్ బాన ఒక్క పగులు లేకుండా బయటికి వచ్చింది. అదే బట్టీలో కాలిన వాటిలో రెండు పగిలాయి. మనది పగల్లేదు. ఈ సంగతి ముందు రాయకపోతే మిగతాదంతా వదిలేసి నువ్వు దాని కోసమే వెతుకుతావని మొదట్లోనే పెట్టేశాను.

నేనిక్కడ క్షేమం. బతూమిలో నువ్వు, తెఓనా, అల్లుడు, పేరు మీద ఇంకా తగువు తీరని ఆ చిన్నది అందరూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరంలో చదివి నిశ్చింతగా ఉన్నాను. పాప ఏడిస్తే కింది అంతస్తువాళ్లు తలుపు తడుతున్నారని రాశావు. ఆ గొంతు మా వైపుది కాదు. మా వైపు అందరం మెల్లగా మాట్లాడేవాళ్లమే.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు నా మూడో వాక్యం దాకా ఆగవు. కాగితమైతే చించే ముందు చదువుతావు. ఉత్తరంతో పాటు బతూమి వ్యాను డ్రైవరు చేతికి ఒక సంచి ఇచ్చాను. అందులో గొర్రెతోలు తిత్తిలో పండిన జున్ను ముక్క, అక్రోట్లు గుచ్చి ద్రాక్షపాకంలో ముంచిన దండలు నాలుగు, ఒక సీసా ఉన్నాయి. సీసా మీద చీటీ లేదు. ముందు ఒక గ్లాసు పోసుకుని, తాగుతూ చదువు.

నువ్వడిగినవాటికి జవాబులు చెబుతాను. డాక్టరు చెప్పినట్టు ఉప్పు తగ్గించావా అని అడిగావు. తగ్గించలేదు. పత్రికలో వంటల పేజీ రాసేవాణ్ని ఈ కఖేతికి పంపి ఉప్పు తినొద్దనడం చేపను నీళ్లలో వదిలి తడవొద్దనడమే. పాప పేరు విషయంలో నా అభిప్రాయం అడిగావు. నాకు అభిప్రాయం లేదు. ముప్పై ఏళ్లుగా మన ఇంట్లో నేను బతికి బట్టకట్టడానికి కారణం అదే. చివరి ప్రశ్న, బానను ఎక్కడ పూడుస్తున్నావు అని. "ఇకాల్తోలో తప్ప ఎక్కడైనా సరే" అని రాసి, 'తప్ప' కింద రెండు గీతలు గీశావు. దానికీ జవాబుంది. జరిగింది జరిగినట్టు వరసలో చెబితే తప్ప అది అర్థం కాదు. కొంచెం ఓపిక పట్టు.

మొదట బాన. కుమ్మరి జలికో గురించి నీకు ఇదివరకే రాశాను. వేసవంతా మట్టి వరస మీద వరస పెట్టి, రోజుకు బెత్తెడు చొప్పున లేపిన బాన అది. బట్టీలో నుంచి బయటికి తెచ్చి ఇంకా వేడిగా ఉండగానే లోపల తేనెమైనం పట్టించారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. మైనం, కాలిన మట్టి, పొగ కలిసిన ఆ వాసన రొట్టెల పొయ్యి దగ్గర కూడా రాదు. నిజం చెప్పనా, నాకు ఆకలి వేసింది. జలికో వేలి కణుపుతో బాన నడుం మీద కొట్టి నన్ను పిలిచాడు.

"పత్రికాయనా, చెవి పెట్టు. ఏం వినిపిస్తోంది?"

"గంట కొట్టినట్టుంది."

"సరే, చెవులున్నాయి నీకు. ఎక్కడ పూడుస్తున్నావ్?"

"ఇంకా చూస్తున్నాను."

"బాన చేయించి ఇప్పుడు చోటు వెతుకుతున్నావా? పిల్లను కన్నాక మొగుణ్ని వెతుక్కున్నట్టుంది నీ వరస." చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. "మీకు త్బిలిసీలో నేల లేదా?"

"ఐదో అంతస్తు."

"అయితే కింది ఇంటివాళ్ల నెత్తిన గొయ్యి తవ్వుకోండి."

అందులో తప్పు లేదు. బిడ్డ పుట్టిన ఏడు నేలలో పూడ్చి, వైన్ పోసి మూత మెత్తి, పెళ్లినాడు తెరిచే బానకు ఇరవై, ఇరవై అయిదేళ్లు కదలని నేల కావాలి. సిఘ్నాఘిలో ఉన్న నీ బడి స్నేహితురాలి పెరడే నా మనసులోనూ ఉంది. ఆదివారం ఆమెతో మాట్లాడాను కూడా. సోమవారం వ్యాను మాట్లాడి బాన తీసుకొస్తానని చెప్పాను. ఇంతవరకూ నీ మాట దాటలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నమే తెలావి సంత వెనక గుల్నారా భోజనశాలకు వెళ్లాను. నాలుగే బల్లలు. వంటావిడ, వడ్డించేది, తిట్టేది అన్నీ గుల్నారాయే. వంకాయను నిలువుగా కోసి వేయించి, అక్రోటు ముద్ద పెట్టి చుట్టింది. అక్రోటులో వెల్లుల్లి ఎక్కువ కాలేదు, వెనిగర్ చివర మాత్రమే తెలిసింది. తర్వాత కత్తిరించిన ద్రాక్ష పుల్లల నిప్పుల మీద కాల్చిన పంది మాంసం. కొవ్వు కరిగి నిప్పులో పడినప్పుడు లేచే పొగ మాంసానికి మళ్లీ అంటేంత దగ్గరగా పెట్టింది ఊచలు. పచ్చి ఉల్లిపాయ, దానిమ్మ గింజలు, పొయ్యి గోడ నుంచి అప్పుడే ఊడదీసిన రొట్టె. అప్పుడు ఆవిడ కూజాలోంచి ఒక గ్లాసు పోసింది.

రంగు టీ డికాక్షన్ రంగు. తొక్కలతో, గింజలతో బానలో పులిసిన వైన్. వాసన ఎండబెట్టిన ఆప్రికాట్. మింగాక నాలుక అంచుల్లో పచ్చి అక్రోటు తొక్క కొరికినప్పటి వగరు. నేను గ్లాసు కింద పెట్టాను. మళ్లీ తీసుకున్నాను. నాకు తెలిసిన వైన్ అది. తాగి చాలా ఏళ్లయింది.

"ఇది ఎవరిది, గుల్నారా?"

"తాగు, అడక్కు."

"పత్రిక కోసం కాదులే."

"పత్రిక కోసమైతే చెప్పేదాన్ని, పేరొస్తుంది. దాని కోసం కాదంటేనే అనుమానం. పన్నులవాళ్లేమైనా పంపారా?"

"ఖిఖ్వి ద్రాక్ష కదూ?"

ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని నన్ను కొత్తగా చూసింది. "నీ నాలుక మీ ఆవిడకు తెలుసా? పాపం, రోజూ ఎట్లా వండిపెడుతోందో" అంది. ఆల్వాని నుంచి జున్ను తెచ్చే ఇమేదా దాంతో పాటు రెండు బిందెలు వైన్ కూడా తెస్తాడని, ఎక్కణ్నుంచో చెప్పడని అంది. నేను మిగిలిన మాంసం తినకుండా లేచాను. నువ్వు నమ్మవు. గుల్నారాను అడుగు.

ఇమేదా కొండవాడు, వాళ్లకి పంది మాంసం నిషిద్ధం. వాళ్లవాళ్లంతా మందలతో ఇంకా పైనే ఉన్నారు. ఇతనికి ఈ వేసవి కాలు విరగడంతో కొండ ఎక్కలేక ఆల్వానిలోనే ఉండి, కనిపించినవాడి మీదల్లా చిరాకు పడుతున్నాడు. నన్ను దొడ్డి గేటు దగ్గరే ఆపాడు.

"పంది తిని వచ్చావు కదూ?"

"గుల్నారా దగ్గర."

"వాసన ఇక్కడికే కొడుతోంది. అక్కణ్నుంచే మాట్లాడు. జున్ను గదిలోకి అడుగు పెట్టావంటే ఈ కర్రతో నీ కాలు కూడా నా కాలిలాగే చేస్తాను."

గేటు అవతల నుంచే జున్ను అందించాడు. తోలు తిత్తిలో పండింది. నీకు పంపిన ముక్క దానిదే. మొదట ఉప్పు, ఆ తర్వాత కొండ గడ్డి, చివర గొర్రె. ఆ మూడూ ఆ వరసలోనే వచ్చాయి. వైన్ సంగతి అడిగాను. కర్రతో పాక వెనక్కి చూపించాడు. నాలుగు వరసల ద్రాక్ష. గుత్తులు పండి, ఎండ వైపు గోధుమరంగు తిరిగాయి.

"తీగలు నావి కావు. దాచిపెట్టమని ఇచ్చారు. వైన్ చేసేదీ నేను కాదు. నా జున్ను తీసుకుని, నేను పెంచిన ద్రాక్ష కోసుకుని, రెండు బిందెలు నా మొహాన కొడతాడు."

"ఎవరు?"

"ఇకాల్తో బాద్రి. ఎరుగుదువా?"

"ఎరుగుదును" అన్నాను.

ఎతెరీ, ఇక్కడ ఉత్తరం కింద పెట్టకు. నువ్వు ఇప్పుడు తాగుతున్న గ్లాసు అదే. మీ నాన్న ఖిఖ్వి. మన పెళ్లి బల్ల మీద పోసిన వైన్. నేను పొరబడి ఉంటే ఇంకో గుక్క తాగి నువ్వే చెప్పు. మీ నాన్న వైన్ రుచి విషయంలో నీకు మించిన సాక్షి నాకు దొరకదు. మీ తమ్ముడు బాద్రి పీకేశాడని నువ్వు తొమ్మిదేళ్లుగా అంటున్న తీగలు ఆల్వానిలో ఒక కుంటి కొండవాడి పాక వెనక కాస్తున్నాయి. నేను వాటిని కళ్లారా చూశాను, చేత్తో ముట్టుకున్నాను.

సోమవారం మీ పుట్టింటి ఊరు ఇకాల్తో వెళ్లాను. వెళ్లొద్దన్న చోటికే వెళ్లాను. అప్పటికే వ్యానులో బాన ఉంది. వర్దిసుబాని నుంచి సిఘ్నాఘికి పోయే దారి అది కాదని డ్రైవరు నాకు రెండుసార్లు గుర్తు చేశాడు.

గేటు దగ్గర మీ మరదలు నార్గిజా నన్ను చూసి పళ్లెం చేతిలోనే పట్టుకుని నిలబడిపోయింది. "బానలో ఉన్నాడు" అని మాత్రం అంది. కోతకు ముందు బానలు కడిగే వారం కదా. మీ నాన్న బానల కొట్టులోకి వెళ్లాను. నేల మీద పెద్ద బాన నోరు తెరుచుకుని ఉంది. లోపల దీపం. చెర్రీ చెట్టు బెరడు కట్టతో గోడ రుద్దుతున్న చప్పుడు. నిచ్చెన పైకి లాగి పక్కన పెట్టి ఉంది.

"నార్గిజా, నీళ్లు" అంది బాన.

"నార్గిజా కాదు. అవ్తాందిల్."

రుద్దడం ఆగింది.

"ఏ అవ్తాందిల్?"

"మీ అక్క మొగుణ్ని."

దీపం వెలుగు పైకి, నా మొహం మీదికి తిరిగింది. తర్వాత, "ఏం బావా, ఆకలేసి వచ్చావా, చావు కబురు తెచ్చావా?" అన్నాడు.

"పుట్టిన కబురు. తెఓనాకి ఆడపిల్ల."

"నిచ్చెన వెయ్యి."

నేను వెయ్యలేదు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఇంత వీలుగా ఎవరూ నాకు దొరకలేదు. నిచ్చెన నా చేతిలో ఉంది, మనిషి పారిపోవడానికి దారి లేదు.

"ముందు ఒకటి చెప్పు. మీ నాన్న తీగలు ఎందుకు పీకావు?"

"వేళ్లకి పురుగు పట్టింది. ఆయన పోయిన ఏడాదే చూశాను. ఒక్కటీ బతికేది కాదు. మంచి కొమ్మలు కత్తిరించి, గట్టి వేళ్లకి అంటుకట్టమని ఇమేదాకిచ్చి, తర్వాత పీకాను. ఆల్వాని మట్టికి పురుగు లేదు. నిచ్చెన వెయ్యి బావా, తడిసిపోయి ఉన్నాను."

"మరి ఎతెరికి ఎందుకు చెప్పలేదు?"

"అక్క అడిగిందా?" ఈసారి బాన మోగింది. "నాన్న పోయిన నలభయ్యో రోజు. ఊరంతా విందు బల్ల దగ్గర. గ్లాసు పట్టుకుని లేచింది. నాన్న పేరిట మాట చెబుతుందనుకున్నా. 'మా నాన్నని మీరంతా ఒకసారి పూడ్చారు, వీడు తీగలు పీకి రెండోసారి పూడ్చాడు' అంది. అని గ్లాసు తాగకుండా కింద పెట్టేసి వెళ్లిపోయింది. మా అక్క నోరు నీకు తెలియనిదా?"

"తెలుసు."

"ఊరందరి ముందు బల్ల దగ్గర అన్న మాటకి, ఫోన్లో జవాబు చెప్పనా? చీటీ రాసి పంపనా? బల్ల దగ్గర అన్న మాటకి బల్ల దగ్గరే లేచి జవాబు చెప్పాలి. మీరు నన్ను ఏ బల్లకి పిలిచారు చెప్పు. తెఓనా పెళ్లికి పిలిచారా?"

పిలవలేదు. నేను నిచ్చెన వేశాను.

పైకి వచ్చాడు. జుట్టు తెల్లబడింది. మోకాళ్ల దాకా మడ్డి. నన్ను కౌగిలించుకోలేదు, తడిగా ఉన్నానన్నాడు. ఆ తర్వాత కౌగిలించుకున్నాడు. నా చొక్కా కూడా పాడైంది. నార్గిజా ఉడికించిన గొడ్డు మాంసం, చిక్కుడు గింజల ముద్ద, ఊరేసిన పచ్చి టమాటాలు పెట్టింది. ఆ టమాటాల గురించి పేజీలో విడిగా రాస్తాను. వాటిలో కొత్తిమీర గింజ ఎంత పడిందో చెప్పమంటే "చేతికి ఎంతొస్తే అంత" అంది. ఆ కొలతతో నేనేం రాయను? నాలుగేళ్ల కిందట ఇమేదా దగ్గర నుంచి కొమ్మలు తెచ్చి మీ నాన్న నాటిన చోటే రెండు వరసలు మళ్లీ పెట్టాడు బాద్రి. ఈ ఏడు అవి మొదటిసారి సరిగా కాశాయి. నేను నాలుగు పళ్లు తిన్నాను. తొక్క మందం, గింజ గోధుమరంగు. వారంలో కోతకు వస్తాయి.

ఇక నువ్వడిగిన చివరి ప్రశ్నకు జవాబు.

భోజనం తర్వాత బాద్రి వ్యాను చుట్టూ ఒకసారి తిరిగాడు. బాన మీద చెయ్యి పెట్టాడు. "పాపదా?" అన్నాడు. అవునన్నాను. "ఎక్కడ పూడుస్తున్నారు?" నేను బానకు కట్టిన తాడు బిగించాను. "నాన్న కొట్టులో గోడ పక్క చోటు ఖాళీగా ఉంది. పాత బాన పగిలితే తీసేశాను. మొదటి కోత ఖిఖ్వి అందులో పోయొచ్చు" అన్నాడు. ఆ తర్వాత నా మొహంలోకి చూసి, "అక్కకి తెలుసా?" అన్నాడు.

తెలుసన్నాను.

"అక్కే చెప్పిందా, ఇక్కడే అని?"

అవునన్నాను.

ఇది అబద్ధం. ఎవరో నా నోట పెట్టింది కాదు, నేనే చెప్పాను. నిర్ధారణ లేని వార్త నా పేరు కింద ఒక్కటీ అచ్చు కాలేదని అందరితో గొప్పగా చెప్పుకుంటాను, నీకు తెలుసు. ఇది నిర్ధారణ లేని వార్త మాత్రమే కాదు, అసలు జరగనిది. బాద్రి మొహం చూసుంటే నువ్వు కూడా అదే చెప్పేదానివని రాయాలనిపిస్తోంది. కానీ అది నా ఊహ. జరిగింది మాత్రం ఇది: నువ్వు వద్దన్నావు, నువ్వు సరే అన్నావని నేను చెప్పాను.

మంగళవారం పూడ్చాం. పొద్దున్నుంచి బాద్రి, నేను గొయ్యి తవ్వాం. నా చేతులు బొబ్బలెక్కి ఈ అక్షరాలు ఇలా వస్తున్నాయి. ఊళ్లోంచి మరో ఆరుగురు తాళ్లతో వచ్చి దించారు. సున్నం పూసి, చుట్టూ ఇసుక, మట్టి కొట్టారు. ఇప్పుడు మెడ మాత్రమే పైకి కనిపిస్తోంది. కొత్త బానను మళ్లీ తవ్వి తీస్తే నూటికి తొంభైపాళ్లు పగులుతుందని జలికో చెప్పాడు. నువ్వు కోప్పడితే నన్ను పూడ్చెయ్, దాన్ని వదిలేయ్.

ఇంకొకటుంది. అక్క సరే అందని విన్నాక బాద్రి ఆగలేదు. జ్ఞానస్నానం ఎప్పుడని అడిగాడు. చెప్పాను. "అయితే వస్తున్నాను. అక్క పిలిచినట్టే కదా" అన్నాడు. నార్గిజా ఆ సాయంత్రమే అతని నల్ల కోటు బయటికి తీసి గాలికి ఆరేసింది. తొమ్మిదేళ్లుగా ఎవరూ పిలవని మనిషి ఆ కోటు భుజాలు బిగుతైపోయాయని రెండు రోజులుగా దిగులు పడుతున్నాడు. నిన్న దర్జీ దగ్గరికి నేనే తీసుకెళ్లాను.

అతనికి నిజం తెలియదు. ఈ ఉత్తరం నీకు శుక్రవారం పొద్దున అందుతుంది. ఆ రాత్రి లోగా నువ్వు ఫోన్ చేసి వద్దంటే, అతని ముందు కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెబుతాను, ఒక్కణ్నే వస్తాను. అది నా పని. నీ మీద పెట్టను. ఫోన్ రాకపోతే శనివారం పొద్దున ఇద్దరం తెలావి నుంచి బయలుదేరి, త్బిలిసీలో మధ్యాహ్నం రైలు ఎక్కుతాం. అతని దగ్గర ఇరవై లీటర్ల వైన్ డబ్బా ఉంటుంది. స్టేషనుకి అల్లుణ్ని పంపు. నా నడుం అప్పటికి పనిచెయ్యదు.

ఆదివారం పదకొండు గంటలకు గుడిలో జ్ఞానస్నానం. రెండు గంటలకు విందు బల్ల. ఆ రోజు బల్ల పెద్దను నేనే కాబట్టి ఏ గ్లాసు ఎవరి పేరిటో, మాట ఎవరికందించాలో నిర్ణయించేది నేను. అందించిన మాటను కాదనడం మన ఇళ్లలో లేదని నీకు వేరే చెప్పక్కర్లేదు. మొదటిది దేవుడికి. రెండోది పాపకి. మూడోది పోయినవాళ్లకి, అంటే మీ నాన్నకి. ఆ మాట బాద్రికి అందిస్తాను. లేచి నిలబడి అతను చెప్పాల్సింది చెబుతాడు. అతని తర్వాత నీకు అందిస్తాను.

ఇట్లు,
అబద్ధమాడిన నీ భర్త,
అవ్తాందిల్